మాట ఆగిన చోటే ఒడ్డు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు ముందునుంచీ ఒళ్లుమంట. కరెంటుతో పనిచేసి బతికినవాణ్ని. స్విచ్చి వేస్తే వెలుగుతుంది, తీస్తే ఆరిపోతుంది, నాకు తెలిసిన లోకం అంతే. అలాంటి నాకే ఇది జరిగింది. అదే నా చిరాకు.

మాది శ్రీకాకుళం దగ్గర చేపలవాళ్ల ఊరు. నేను చదువుకుని రేడియో స్టేషన్లో టెక్నీషియన్నయ్యాను. మా అక్క మొగుడు ఎర్రయ్య బావ మాత్రం ఇప్పటికీ వేటకి వెళ్తాడు, పాత ట్రాన్సిస్టర్ పట్టుకుని.

అది పాటల కోసం కాదు. సముద్రంలో మంచు పట్టేస్తే దిక్కు తెలియదు. అప్పుడు మా ఏఎం స్టేషన్ పెట్టి ట్రాన్సిస్టర్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పుతాడు. ఒకచోట మాట సన్నబడి ఆగిపోతుంది. అప్పుడు ఆ పెట్టె కొస ఎటు చూపిస్తే ఆ వరసలోనే మా టవరు, ఆ వరసలోనే ఒడ్డు. మా వాళ్లందరూ ఒకప్పుడు అలాగే ఇంటికొచ్చేవారు.

ఏఎం ఎవరూ వినడం లేదని మూసేస్తామన్నారు. ఈ సంగతి పై అధికారులకి చెప్పి చూశాను. మాట వినబడని చోట ఇల్లుంటుందా అని నవ్వారు. ఎఫ్ఎం ఉంది కదా, ఫోన్లో యాప్ ఉంది కదా అన్నారు. నడి సముద్రంలో సిగ్నల్ ఎవడిస్తాడండీ? గోడకి చెప్పినా బాగుండేది. చివరికి ట్రాన్స్‌మిటర్ ఆపే పని కూడా నాకే అప్పగించారు. ఆపేశాను.

తర్వాత వచ్చిన చలికాలంలో టవరు చుట్టూ నేలలో పరిచిన రాగి తీగలు తవ్వి తీయడానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. ఆ రోజు పొద్దున్న ఎదురుగా ఉన్న చెట్టు కనబడనంత మంచు. కరెంటు లైను ఎప్పుడో పీకేశారు. ట్రాన్స్‌మిటర్ విప్పి లారీ ఎక్కించేశారు. మైకన్నది ఆ ఆవరణలోనే లేదు, స్టూడియో టౌన్లో ఉంది. వాళ్లు గునపాలతో తీగల్ని ముక్కలు ముక్కలు చేస్తుంటే నాకు కడుపు మండిపోయింది. టవరు మొదట్లో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను.

మధ్యాహ్నం అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. బావ బోటు మంచులో తప్పిపోయి ఇప్పుడే ఒడ్డుకి తగిలిందట. ఫోన్ తడిసి చచ్చిపోయిందట. పరిగెత్తుకెళ్లాను. బావ ఇసకలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఒరే సిమ్మాసలం, పొద్దున్న రేడియోలో ఎవుల్నిరా అంతలా తిడతన్నావు?" అన్నాడు.

"రేడియో ఎక్కడిది బావా? నా సేత్తోనే ఆపీసినాను కదా."

"మరి నీ గొంతు నాకు తెలీదేటి? ఆ గునపమేదో నా నెత్తిన దింపండి, పీడా పోద్దని అరిసినావు. తిప్పి సూసినాను. నీ గొంతు ఆగినకాడికి బోటు తిప్పీసినాను."

సరిగ్గా ఆ మాటే అన్నాను. అక్కడ ఉన్నది నేనూ ఆ కూలీలూ. వాళ్లు ఒడిశావాళ్లు, మా బావ ఎవరో కూడా వాళ్లకి తెలియదు.

ట్రాన్సిస్టర్ తీసుకుని ముల్లు అటూ ఇటూ తిప్పాను. బుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నాతో పనిచేసిన ఇంజనీరుని అడిగాను. ఇంకేదో ఊరి స్టేషన్ తగిలి ఉంటుందన్నాడు. ఏ ఊరి స్టేషన్ నా తిట్లు ప్రసారం చేస్తుందండీ? అతని మీదా కోపం వచ్చింది. మంచులో భయానికి అలా అనిపించిందేమో అనుకుందామంటే, బావ తిన్నగా ఒడ్డుకి వచ్చాడు కదా.

ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యాలూ మహిమలూ నేను ఇప్పటికీ నమ్మను. తర్వాత టవరు కూడా కోసి పట్టుకుపోయారు, సిమెంటు దిమ్మ మిగిలింది.

కానీ చలికాలం వస్తే బావ ఫోన్ చేస్తాడు. "ఒరే, రేపు మంచు పడతాదంటన్నారు. పొద్దున్నే ఎవుల్నో ఒకల్ని తిట్టరా" అంటాడు. విసుక్కుంటూనే వెళ్తాను. ఆ దిమ్మ దగ్గర ఒక్కణ్నే నిలబడి పై అధికారులందరినీ పేరుపేరునా తిడతాను. దారినపోయేవాళ్లు పిచ్చివాణ్ననుకుంటున్నారు, అనుకోనీ. బోటు తగిలిందని అక్క ఫోన్ చేసేదాకా ఆపను.