పని చెప్పని గుణశేఖర్

నలభై ఆరేళ్లొచ్చినా గుణశేఖర్ ఇంతవరకు ఎవరికీ ఒక్క పని చెప్పి ఎరగడు. ఇలా రా, అది తే, ఇది చెయ్ అనే మాటలు ఆయన నోట పుట్టలేదు. ఏం కావాల్సి వచ్చినా, లోకంలో ఫలానాది ఉంటే ఎలా ఉంటుందో చెప్పి ఊరుకుంటాడు.

హోటల్లో సర్వరు వచ్చి "ఏం గావాలప్పా?" అంటే, "రెండు ఇడ్లీలు తిన్న మనిషి సుఖంగా ఉంటాడు" అంటాడు. "ఉంటాడులే" అని సర్వరు పక్క బల్లకు పోతాడు. తిరుపతిలో బస్సెక్కి, ఏర్పేడు దగ్గర పడ్డాక "బస్సు ఆగితే దిగేవాళ్లు ఉండారు" అంటాడు. "ఎవురబ్బా ఆ దిగేవాళ్లు?" అని కండక్టరు వెనక్కి తిరిగి వెతికేలోగా శ్రీకాళహస్తి వచ్చేస్తుంది. ఆయన నోరు మెదపకుండా దిగి, ఇంకో బస్సెక్కి వెనక్కొస్తాడు. ఒక్కోసారి ఏర్పేడు దాటి రేణిగుంట దాకా వెనక్కొచ్చేస్తాడు.

ఈ కథలు చెప్పి నలుగురినీ నవ్వించినవాళ్లలో మునిరామయ్యే మొదటివాడు. ఆ నవ్వు ఇప్పుడాయనకు అంత సుఖంగా లేదు.

మునిరామయ్యది కార్వేటినగరం పక్క పల్లె. ఆ పల్లె నుంచి పదో తరగతి గట్టెక్కిన మొదటి మనిషి. పుత్తూరు దగ్గర పాలు చల్లబరిచే కేంద్రంలో ముప్పై నాలుగేళ్లు సూపర్‌వైజరుగా చేశాడు. ఆయన హయాంలో ఒక్క క్యాను పాలు విరగలేదు. శాలువాలు మూడు. రిటైరయ్యాక కూడా ఆయన లేకపోతే జరగదని మళ్లీ పిలిపించుకున్నారు. ఇవన్నీ ఎవరూ అడక్కుండానే చెబుతాడు. "నేను 'కానీ' అంటే పైపుల్లో నీళ్లు గూడా పరిగెత్తల్ల" అని ముక్తాయింపు.

ఈ ఇద్దరినీ కలిపింది ఆ పైపులే. పాలు పోయిన పైపుల్ని రోజూ వేడినీళ్లతో, కాస్టిక్ సోడాతో, నీళ్లతో, ఆసిడుతో, మళ్లీ నీళ్లతో కడగాలి. ఆ వాల్వులు తిప్పడానికి కేంద్రంవాళ్లు ఒక కంప్యూటరు పెట్టె పెట్టాలనుకున్నారు. గుణశేఖర్ ఏర్పేడులో ఒక గదిలో కూర్చుని, తొమ్మిదేళ్లు కష్టపడి, 'పొందిక' అనే ప్రోగ్రామింగ్ భాష తయారు చేశాడు. సోడా పోయే దారిని పొరపాటున పాల దారికి కలిపితే, వాల్వు కదలకముందే పొందిక ఆ తప్పు పట్టుకుంటుంది. మంచి భాషే. కాకపోతే దాన్ని ఇంతవరకు ఎవరూ వాడలేదు. ఈ కేంద్రంలో నిలబడితే నిలబడినట్టు, లేకపోతే తొమ్మిదేళ్లూ ఆ గదిలోనే.

చిక్కేమిటంటే, పొందికకూ కన్నతండ్రి గుణమే వచ్చింది. దాంట్లో ఏది ఏమిటో చెప్పవచ్చు గానీ, "ఇది చెయ్" అనడానికి లేదు. పైపులు కడిగే గంగులమ్మకు నమూనా చూపించారు. ఆఖరి నీళ్ల లోపల ఆసిడు, దాని లోపల నీళ్లు, దాని లోపల సోడా, బ్రాకెట్లలో బ్రాకెట్లు.

"సారూ, దీన్ని లోపల్నించి బయటికి సదవల్లనా?" అంది గంగులమ్మ.

మునిరామయ్య గుణశేఖర్ వైపు తిరిగాడు. "వరసగా రాసేట్టు పెట్టప్పా. మీసం మాదిరి బ్రాకెట్టు ఒకటి తెరువు. లోపల ఒకదాని కింద ఒకటి పనులు రాయనీ. మళ్లీ మీసం పెట్టి మూసెయ్. మనుషులు పని చేసేది అట్లే గదా."

"అట్లా రాసుకునే భాష గూడా ఉండొచ్చన్నా."

"ఉండొచ్చు గాదు. చెయ్."

రెండు వారాలు పట్టింది. ఇప్పుడు మీసం బ్రాకెట్టు కనబడగానే పొందిక ఒక్కో వరసా చదువుతుంది, వరస చివరి సెమికోలన్ దగ్గర ఆగుతుంది, ఆ వరస ఫలితాన్ని కింద మిగిలినదంతటికీ అందిస్తుంది. పైకి హుకుముల పట్టీ, లోపల పాత బ్రాకెట్లే. మునిరామయ్య తన ఘనతల్లో దీన్నీ చేర్చుకున్నాడు.

పరీక్ష రోజు మేనేజరు ప్రసన్నకుమారి కుర్చీ వేసుకుని కూర్చుంది. గంగులమ్మే స్వయంగా ఐదు వరసలు టైపు చేసింది. మీట నొక్కితే తెర మీద 'ఐదు తప్పులు' అని వచ్చింది.

ఆమె ప్రతి వరస చివరా సెమికోలన్‌కు బదులు 'అయింది' అని రాసింది. ఆ కేంద్రంలో అది ఆచారం. ఒక పని ముగించిన మనిషి "అయింది" అని కేకేస్తేనే, అవతలి మనిషి తర్వాతి వాల్వు తిప్పాలి. ఇరవై ఏళ్ల కిందట ఒకరి చెయ్యి సోడాకు కాలినప్పుడు ఈ పద్ధతి పెట్టింది మునిరామయ్యే. ఒక శాలువా దానికే వచ్చింది.

ఆ సంగతి ఆయనకు ఆ క్షణాన గుర్తు రాలేదు.

"ఎన్ని తూర్లు చెప్పినాను? సుక్కా కామా పెట్టేదానికి అంత కష్టమా? ఇరవై ఏండ్లు నా దగ్గర చేసి ఇదా నువ్వు నేర్చుకునింది?"

"మీరు నేర్పించిందే రాసినాను సారూ," అని గంగులమ్మ లేచి, సంచి తీసుకుని వెళ్లిపోయింది.

"ఒక గంట ఉంటే..." అని గుణశేఖర్ మొదలుపెట్టాడు.

"ఉంటే ఏమి? ఆ మాట రాయొద్దని ఆయమ్మకు నువ్వే గట్టిగా చెప్పుంటే సరిపోయేది. నోట్లో ఏం పెట్టుకోనుండావప్పా?" అని మునిరామయ్య ఆయన మీదా లేచాడు.

ప్రసన్నకుమారి ఇద్దరినీ చూసి కాగితాలు సర్దుకుంది. మనుషుల మధ్య తగువు పెట్టే మిషను మనకెందుకని, మర్నాడే వేరే పెట్టెకు సంతకం చేసింది. ఆ గంట అడిగి ఉంటే ఇచ్చేదే. గట్టిగా అడగడం ఆ గదిలో మునిరామయ్యకు ఒక్కడికే చేతనవును. ఆ రోజు ఆయన గొంతంతా తిట్లకే సరిపోయింది.

నాలుగు రోజులు మునిరామయ్యకు అన్నం సయించలేదు. ఐదో రోజు, ఊరికే గాలికి పోయొస్తానని ఇంట్లో చెప్పి, స్కూటరు మీద ఏర్పేడు దాకా వెళ్లాడు. గుణశేఖర్ తెర ఆయన వైపు తిప్పాడు. గంగులమ్మ రాసిన ఐదు వరసలు, ఒక్క అక్షరం మారకుండా. కింద 'తప్పులు లేవు' అని ఉంది.

"ఇప్పుడు పొందిక 'అయింది' దగ్గర ఆగుతుందన్నా. మనిషి మీట నొక్కితేనే కింది వరసకు పోతుంది."

"ఆడ వేరే పెట్టె వచ్చేసింది గదప్పా. ఇది ఎవురికోసరం?"

"ఆయమ్మ రాసింది తప్పు గాదు గదన్నా."

"దీనికి నాలుగు దినాలు కూసున్నావా? ఆ మాట తీసెయ్ అంటే ఆయమ్మ ఒక్క నిమిషంలో తీసేసుండును."

గుణశేఖర్ తల వంచుకున్నాడు. "ఆయమ్మ ఆ మాట ఇరవై ఏండ్లుగా అంటా ఉండాది. పొందిక నిన్నమొన్నటిది. చిన్నది నేర్చుకోవల్ల గదా."

ముప్పై నాలుగేళ్లలో మునిరామయ్య చెప్పిన పనులకు లెక్క లేదు. ఎదుటివాళ్ల కోసం తాను మార్చుకున్నది ఒక్కటన్నా ఉందా అని వెతుక్కున్నాడు. దొరకలేదు.

ఇద్దరూ అదే స్కూటరు మీద గంగులమ్మ ఇంటికి వెళ్లారు. గుణశేఖర్ ల్యాప్‌టాప్ మునిరామయ్య చేతికిచ్చి, తాను వీధిలోనే ఎండలో నిలబడిపోయాడు.

గంగులమ్మ తెర మీద రెండుసార్లు చదువుకుంది. "తప్పులు లేవంటనే. ఎవురు జెప్పినారు దీనికి?"

"ఎవురూ జెప్పలేదు. అదే నేర్చుకునింది." అన్నాడు మునిరామయ్య. "ఆ పొద్దు తప్పు నాది గంగులమ్మా."

"ఈ మాటకు గూడా శాలువా కప్పుతారా సారూ?"

ఆయనకు నవ్వాలో వద్దో తెలియలేదు. ఆమె మాత్రం నవ్వి, లోపలికి పోయి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. "ఇంకో సారు యాడ?"

"బయట ఉండాడు. పిలిస్తే గానీ రాడు, పిలవమని చెప్పడు."

మునిరామయ్య గుమ్మం వైపు తిరిగి, "లోపలికి రాప్పా" అని కేకేయడానికి నోరు తెరిచాడు. తెరిచిన నోరు మూసుకున్నాడు. రెండు గ్లాసులూ తీసుకుని తానే ఎండలోకి నడిచాడు.