మొదటి గాటు

మా నస్పూర్ క్వార్టర్ వెనకాల మా ఆయన పెట్టిన గుమ్మడి తీగ, ఆయన పోయిన మూడు నెలలకు పండింది. ఒకటే కాయ. దాన్ని తెంపి వంటింటి గట్టు మీద పెట్టాను. పది రోజులు అది అక్కడే ఉంది.

గుమ్మడికాయను ఆడవాళ్ళు కోయకూడదని మా వైపు పట్టింపు. ముందు మగవాడు గాటు పెట్టాలి, తర్వాత ఎవరు కోసినా ఫర్వాలేదు. ఆయన గని నుంచి వచ్చి, స్నానం చేసి, తొడిమ పక్కన అంగుళమంత గాటు పెట్టి కత్తి నా చేతికి ఇచ్చేవాడు. "బొగ్గు కోసెటోనికి గిదొక లెక్కనా" అనేవాడు. ఆ అంగుళం తప్ప మిగతా కాయంతా నేనే కోసేదాన్ని. ఇన్నేళ్ళలో ఈ సంగతి మా ఇద్దరిలో ఎవరమూ ఎత్తలేదు.

ఆయనకు షుగర్ వచ్చాక గుమ్మడికాయ, ఓట్స్ కలిపి బిళ్ళలు చేయడం నేర్చుకున్నాను. షిఫ్టుకు పోతూ డబ్బాలో రెండు పెట్టుకునేవాడు. ఇప్పుడు మా కూతురు కడుపుతో ఉంది, ఐదో నెల. దానికీ షుగర్ కనబడిందని డాక్టరు చెప్పాడట. ఫోన్ చేసి, "అవ్వా, బాపుకు చేసే బిళ్ళలు నాకు గూడ చేసి పంపు" అంది.

హుజూరాబాద్ నుంచి మా వదినె, ఆయన అక్క, వచ్చి ఉంది. నేను కత్తి తీయడం చూసి లేచి వచ్చింది.

"ఆగు పిల్లా. పక్క క్వార్టరాయన్ని పిలువు. గాటు పెట్టి పోతడు."

"ఎందుకు వదినె?"

"ఎందుకేంది? కడుపుతోని ఉన్న పోరి ఉంది. దానికి తగుల్తది."

"తినేటందుకే కోస్తున్న. తినెటిది ఆ పోరే."

"చదువుకున్నదానివి, చెప్తే వినవు. తమ్ముడుంటే గిట్ల చేస్తుంటివా?"

"ఆయనుంటే గాటు ఆయన పెడుతుండె. లేడు గద."

ఆమె ఏడ్చింది. నాకూ ఏడుపు వచ్చింది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. బిడ్డకు ఏమన్నా అయితే జీవితాంతం ఈ కాయే గుర్తు చేస్తారని తెలుసు. పక్కాయన మంచివాడే, పిలిస్తే వస్తాడు. కానీ ఈసారి పిలిస్తే ప్రతిసారీ పిలవాలి. నా వంటింట్లో నా బిడ్డకు వండటానికి పరాయి మగవాడి అంగుళం కోసం ఎదురుచూడాలి. అది నా వల్ల కాదు.

తొడిమ పక్కన కత్తి ఆనించి రెండు చేతులతో నొక్కాను. తొక్క మందంగా ఉండి ముందు దిగలేదు. మళ్ళీ నొక్కాను. దిగింది.

వదినె ముందు గదిలోకి వెళ్ళి కూర్చుంది. నేను గింజలు తీసి, తొక్క చెక్కి, గుజ్జు తురిమి, నీరు ఇగిరేదాకా బాణలిలో మగ్గబెట్టాను. ఓట్స్ దోరగా వేయించాను. పల్లీలు కచ్చాపచ్చాగా దంచాను. ఖర్జూరాలు ఆయనకు వేసినన్ని వేయలేదు, మూడే వేశాను. అన్నీ కలిపి పళ్ళెంలో అరచేత్తో గట్టిగా అదిమి చిన్న ఓవెన్‌లో పెట్టాను. అంచులు ఎర్రబడ్డాక తీశాను. వేడి మీద కోస్తే పొడి అవుతుంది కాబట్టి పూర్తిగా చల్లారే దాకా ఆగాను.

ముక్కలు కోస్తుంటే బిడ్డ ఫోన్ వచ్చింది. స్పీకర్ పెట్టాను.

వదినె గడపలో నిలబడి మెల్లగా అంది, "ఎవరు కోసిన్రో దానికి చెప్పకు."

బిడ్డ విననే విన్నది. "ఎవరు కోసిన్రవ్వా?"

"నేనే."

 ఇంకో ముక్క కోశాను.

"ఖర్జూరం తక్కువేసినవా?"

"మూడే వేసిన."

"అయితే రేపే పంపు."

ఒక ముక్క వదినెకు ఇచ్చాను. తీసుకోలేదు. నేను బలవంతపెట్టలేదు. ఆ ముక్క ఆమె ముందే నేను తిన్నాను.