సీసం తూటాలు, సత్తు గిన్నె

మా ఆయన సీసం కరిగించి తూటాలు పోసేవాడంటే ఇండియాలో మావాళ్ళు ఇప్పటికీ నమ్మరు. తుపాకీ మాది కాదులే. పక్కింటి తెల్లాయనది. ఆయనకి లైసెన్సు ఉంది. వాళ్ళ తమ్ముడి ఫారంలో కుందేళ్ళు గడ్డి అంతా కొరికి పాడుచేస్తుంటే పోయి కొట్టేవాడు. మా ఆయన గుంటూరులో గేట్లకి వెల్డింగు చేసిన మనిషి. న్యూజిలాండులో, డునెడిన్‌లో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాక చేతికి పనిలేక ఇంట్లో కుర్చీలు అటూ ఇటూ జరుపుతుండేవాడు. తెల్లాయన భార్య పొగ కంపు పడలేక మొగుడి తూటాల సామానంతా బయట పడేసిందంట. మా పెరట్లో షెడ్డు ఖాళీగా ఉంటే అది తెచ్చి అందులో పెట్టుకున్నారు ఇద్దరూ. ఈయనకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. సాయంత్రం దాకా నవ్వుకుంటానే ఉండేవాళ్ళు.

నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. కారు చక్రాలు ఊగకుండా బరువు కోసం తగిలిస్తారే, ఆ సీసం ముక్కలు టైర్ల షాపులో అడిగి తెచ్చేవాళ్ళు. ఇనప గిన్నెలో కరిగించి, పైన తేలిన మడ్డి తీసేసి, గరిటెతో అచ్చులో పోసేవాళ్ళు. అచ్చు తెరిచి కర్రతో ఒక్కటి తడితే తూటా ఊడి పడేది. చిటికెన వేలి గోరంత ఉంటుంది, అంతే. ముడతపడింది మళ్ళీ గిన్నెలోకే. నున్నగా వచ్చినవి మా ఆయన పాత లుంగీ మీద వరసగా పేర్చేవాడు, అచ్చం నేను వడియాలు పెట్టినట్టు.

"వడియాలు ఎండినయ్యా?" అనేదాన్ని.

"వేయించుకొస్తావా?" అనేవాడు.

కానీ ఆ చేతులతో గడప తొక్కనిచ్చేదాన్ని కాదు. సీసం విషం, ఇంట్లో మనవరాలు పసిపిల్ల. బయట పంపు దగ్గర సబ్బు పెట్టేదాన్ని. ఆ బట్టలు అక్కడే విప్పి, నీళ్ళు పోసుకుని, అప్పుడు లోపలికి. చలికాలం కూడా అంతే. వణుక్కుంటా తిట్టేవాడు. తిట్టనీ.

ఇంక నా సత్తు గిన్నె సంగతి. మా అమ్మ ఇచ్చింది. తగరంతో చేసిన గిన్నె, చారుకి తప్ప ఇంక దేనికీ వాడం. అందులో కాగితే చారుకి వచ్చే రుచే వేరు. అయితే దాన్ని ఉత్తిగా మంట మీద పెట్టకూడదు, ముందు నీళ్ళు పొయ్యాలి, లేకపోతే కరిగిపోతది. మా అమ్మాయి హాస్పిటల్లో పనిచేస్తది, అన్నీ తెలుసు, ఇదొక్కటి తెలీదు. నాకు సాయం చేద్దామని ఖాళీ గిన్నె స్టవ్ మీద పెట్టి కరివేపాకు కడగడానికి పోయింది. తిరిగొచ్చేసరికి గిన్నె అడుగు కారిపోయి స్టవ్ మీద వెండి బొట్లు. నాకు ఏడుపు ఆగలా. మా ఆయన ఆ బొట్లన్నీ గీకి పొట్లం కట్టుకుని, గిన్నె పట్టుకుని పెరట్లోకి పోయాడు. తర్వాత రోజు తెచ్చి గట్టు మీద పెట్టాడు. అడుగున రూపాయి బిళ్ళంత అతుకు.

"నీళ్ళు పోసి చూడు, కారదు," అన్నాడు. కారలా. దేంతో అతికాడో నేను అడగలా, ఆయన చెప్పలా.

ఆ ఏడే గుండె ఆగి పోయాడు.

ఆయన పోయాక చారు మానలేదు నేను. మనవరాలికి ఆ చారన్నం లేకపోతే ముద్ద దిగదు. కొన్నాళ్ళకి పిల్ల కడుపు నొప్పి అనడం మొదలెట్టింది. తిండి తగ్గింది, మొహం పాలిపోయింది. డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోతే, మీది పాత ఇల్లా, పెయింటు రాలుతోందా, ఇంట్లో ఎవరన్నా సీసంతో పని చేస్తారా అని అడిగింది. మా అమ్మాయి షెడ్డు సంగతి చెప్పింది. పిల్ల రక్తం తీసి పంపారు.

కార్లో వస్తుంటే నాకు అతుకు గుర్తొచ్చింది.

"అమ్మాయ్, మీ నాన్న ఆ గిన్నెకి సీసం పెట్టాడేమోనే."

అది కారు పక్కకి ఆపేసింది. "అమ్మా, రోజూ అందులోనేగా పెడుతున్నావు?"

"రోజూనే."

ఇంటికొచ్చి గిన్నె తీసి ప్లాస్టిక్ కవర్లో కట్టేసింది. చచ్చిపోయిన మనిషిని ఏమని అడగను? నా కోసం చేసిన పని పిల్లకి విషం అయిందా? పొద్దున్నుంచీ సాయంత్రం దాకా అదే. ఆయన ఫోటో వంక చూడాలంటే భయం వేసేది.

మా అమ్మాయి తెల్లాయన్ని పిలుచుకొచ్చింది. ఆయన కవరు విప్పి అతుకు చూసి పెద్దగా నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చెప్తుంటే అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

"ఆ రోజు నా దగ్గర తగరం ఉంది, తీసుకో మేట్ అన్నాను. వద్దని చెయ్యూపాడు. నా పెట్టెలో సీసంతో పాటు ఉందని వేలితో చూపించి, ముట్టుకోలేదు. నా గరిటె వద్దు, నా గిన్నె వద్దు. చిన్న గ్యాస్ స్టవ్ ఎత్తుకుపోయి బట్టలారేసే తీగ కింద కూర్చున్నాడు. పొట్లంలో బొట్లు తప్ప ఇంకేం వాడలేదు. చేతులు ఎన్నిసార్లు కడిగాడో. ఆపరేషన్ చేస్తున్నావా అని ఆటపట్టించాను."

"మరి దేంట్లో కరిగించాడంట?" అన్నాను.

"మీ వంటింటి స్టీలు గరిటెలో. మళ్ళీ లోపల పెట్టేస్తే మీరు కనిపెట్టి కేకలేస్తారని సైగ చేసి షెడ్డులో దాచాడు."

నా తాలింపు గరిటె! అది పోయిందని మా ఆయన బతికుండగా ఇల్లంతా తిరగేశాను. కనిపిస్తే చెప్తాలే అన్నాడు, అంత అమాయకంగా. షెడ్డులోకి పోయి చూస్తే తలుపు వెనక మేకుకి సంచీలో వేలాడుతోంది, మూతి దారంతో బిగించి. గరిటె కొసకి తగరం చుక్క అంటుకునే ఉంది.

మా అమ్మాయి మాత్రం, "రక్తం రిపోర్టు వచ్చేదాకా గిన్నె ముట్టుకోవద్దు," అంది. నిజమే. మాట మాటే, పరీక్ష పరీక్షే.

ఫోను వచ్చినప్పుడు నేను బట్టలు మడతపెడుతున్నా. మా అమ్మాయి వింటా వింటా గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయింది. "అమ్మా, సీసం లేదు. కంగారు పడాల్సిందేం లేదన్నారు. ఐరన్ తక్కువ, మలబద్ధకం. మందు ఇస్తారంట," అంది, కళ్ళు తుడుచుకుంటా.

నేను లేచి ఫోటో ముందుకి పోయాను. "ఒక్క మాట చెప్పి పోతే నీ సొమ్మేం పోయేదయ్యా? నా గరిటె దొంగిలించి, నా ప్రాణాలు తోడేసి!" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నేను చెప్తుంటే ఇదంతా రాస్తోంది మా అమ్మాయి, అవి మాత్రం రాయనంటోంది.

తెల్లాయన సీసం, అచ్చులు అన్నీ తీసుకుపోయాడు. భార్య ఒప్పుకోలేదు, తమ్ముడి ఫారంలో పెట్టుకున్నాడంట. షెడ్డు తడిబట్టతో తుడిపించాం.

మందు మొదలెట్టాక పిల్ల మొహం తేటపడింది. ఒకరోజు కంచం ముందు కూర్చుని, "అమ్మమ్మా, చారు," అంది. నేను లేవబోతే మా అమ్మాయి నన్ను ఆపింది. కవర్లోంచి గిన్నె తీసి కడిగింది, పంపు కింద పెట్టి నిండా నీళ్ళు పట్టింది. స్టవ్ మీద పెట్టి, వెలిగించకుండా నా వంక చూసింది.

"నీళ్ళు పోశాను. చూశావుగా?"

"చూశాలే. వెలిగించు," అన్నాను.