పెళ్లిచూపుల్లో చాప్డా పాఠం

నిన్న మా మాధవి పెళ్లిచూపుల్లో ఏం జరిగిందో వింటే, ముప్పై ఏళ్లు సైన్సు చెప్పిన ఈ నోటికి ప్లాస్టరు వేయమంటారు మీరు కూడా!

మాధవి నా మనవరాలు. అబ్బాయిది కిరందుల్, గనుల్లో ఉద్యోగం. వాళ్లిద్దరూ ఎప్పుడో ఇష్టపడ్డారు, పెద్దవాళ్లు తలూపడమే మిగిలింది. అందుకే పొద్దున్నే నా చెయ్యి పట్టుకుంది. "అమ్మమ్మా, ఇవాళ పాఠం చెప్పనని ఒట్టెయ్యి." వేశాను.

అబ్బాయీ వాళ్లమ్మా దోర్నపాల్‌లో మా ఇంటికి వచ్చారు. మాధవి వాళ్లమ్మ, అదే మా అమ్మాయి, టీ కప్పులు అందించిందో లేదో, పక్కింటి సోమమ్మ ఆకుపొట్లంతో దిగింది.

"ఏంది టీచరమ్మా, సుట్టాలొస్తే చాప్డా లేకుంటే ఎట్ల? ఇప్పుడే బజార్ల తెచ్చిన."

చాప్డా అంటే చెట్ల మీది ఎర్రచీమలు, గుడ్లతో సహా. మిర్చీ అల్లం వేసి నూరితే పుల్లపుల్లగా... సరే, అది తర్వాత. పొట్లాన్ని నేరుగా వంటింట్లోకి పంపాలి కదా? నేనేమో కట్టు విప్పాను. తాజావేనా అని! తాజావే. బిలబిలమంటూ టీపాయి ఎక్కాయి.

"అబ్బా!" అబ్బాయి చెవి పట్టుకున్నాడు.

"ఏం కాదు బాబూ, కరిచింది ఆడదే. మగవి కరవవు."

"అమ్మమ్మా!" అంది మాధవి.

ఆగాల్సింది. ఆగేదాన్నే! కానీ ఆ అబ్బాయి మర్యాదస్తుడు. చెవి రుద్దుకుంటూనే "మరి మగవేం చేస్తాయండీ?" అన్నాడు. ప్రశ్న అడిగిన పిల్లవాణ్ణి నేను ఏనాడైనా జవాబు లేకుండా కూర్చోబెట్టానా?

"ఇదిగో, ఈ రెక్కల నల్లవి మగవి. పనీపాటా ఉండదు. తిండి కూడా ఆడవే నోట్లో పెడతాయి."

"మావాడూ అంతే," అని నవ్వింది వాళ్లమ్మ. ఇంకేం, క్లాసు నా చేతికొచ్చేసింది!

"ఉన్నదొక్కటే పని. రాణి కోసం ఎగరడం. బోలెడన్ని పోటీ పడతాయి, ఏ కొద్దివాటికో దక్కుతుంది. పెళ్లయిందా, అంతే, చచ్చిపోతాయి."

శుభమా అని పెళ్లిచూపులు! ఆవిడ చేతిలో కప్పు గాల్లోనే ఆగిపోయింది. సర్దుదామని మాట మార్చాను. ఎక్కడికి మార్చాను? ఆవిడ భుజం మీదికి.

"కదలకమ్మా! నీ పట్టుచీర మీదున్న ఆకుపచ్చది కొత్త రాణి. గూటికి ఒక్క రాణే. దాని వాసన తగులుతున్నంతకాలం మిగతా ఆడవి పిల్లల ఊసెత్తవు. అందుకే కొత్తది వేరుపడుతుంది. ఒకే గూట్లో ఇద్దరు రాణులు ఇమడరు. అర్థమైందా?"

ఆవిడకు బాగానే అర్థమైంది. మాధవి వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. మా అమ్మాయి నన్ను చూసిన చూపు మీకు చెప్పను. సోమమ్మ మాత్రం చీమల్ని చీపురుతో పొట్లంలోకి ఊడుస్తూ, "గీ కథ చెప్పే బదులు నూరితే ఈపాటికి చట్నీ అయితుండె!" అంది.

వాళ్లు వెళ్లిపోయారు. సాయంత్రందాకా మాధవి నా ముఖం చూడలేదు. ఏడ్చిన కళ్లు. ఒట్టు తప్పింది నేనే కదా!

ఆరింటికి మా అమ్మాయి ఫోను మోగింది. అబ్బాయి తల్లే! మా అమ్మాయి స్పీకర్ పెట్టింది.

"మాకు ఇష్టమే వదినగారూ. రెండే షరతులు. ఒకటి, మీ అమ్మగారన్నట్టే కొత్త జంటకు వేరే క్వార్టర్. రెండు, పెళ్లిలో ఆవిడకు ఎవరూ మైకు ఇవ్వకూడదు."

మాధవి పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. రెండింటికీ ఒప్పేసుకున్నాను.

తేనెటీగల పాఠం ఇంకా మిగిలే ఉంది. భోజనాల బంతిలో చెప్పేస్తాను. అరవైమంది పిల్లల క్లాసులో ముప్పై ఏళ్లు నాకు మైకు ఎవరిచ్చారు గనక?