లాకుల్లో దిగిన పడవ

కాలవ లాకుల దగ్గర తుప్పు, నాచు కలిసిన వాసన తగిలితే ఇప్పటికీ మా మేనత్త గుర్తొస్తుంది. భర్త పోయాక, టీచరు ట్రైనింగులో చేరడానికి ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బందరు పడవెక్కింది.

దారిలో పడవ లాకులోకి చేరింది. ముందూ వెనకా తలుపులు మూశాక మెల్లగా కిందికి దిగసాగింది.

"విధవని ఎక్కించుకున్నావు, చూడు ఎలా దిగిపోతోందో. ఇక్కడే దించెయ్యవయ్యా," అన్నాడొక పెద్దాయన పడవవాడితో.

మునిగిపోతున్నామనుకుని, "దిగిపోదాం అత్తా," అని ఏడ్చాను.

"మునగట్లేదురా. అవతల కాలవ పల్లంలో ఉంది. ఆ మట్టానికి రావాలని ఇక్కడి నీళ్లు వదుల్తున్నారు," అంది నా కళ్లు తుడుస్తూ. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. ఆయన వైపు తిరగనైనా లేదు.

ఆయనకెందుకు చెప్పలేదో అప్పుడు తెలియలేదు. అలాంటి పెద్దమనుషులతో జీవితమంతా సభల్లో వాదించి నేను అలిసిపోయాను. ఆవిడ మాత్రం బందరులో దిగి, రిటైరయ్యేదాకా పిల్లలకే చెప్పింది.