బావ రక్తంలో సీటు వదలని ప్యాసింజర్లు

మా బావ ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరు. రిటైరయ్యాక కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు నారాయణగూడలో డయాలసిస్. నాలుగేసి గంటలు సూదులతో పడుకోవడానికి ఆయన ఎప్పుడూ విసుక్కోలేదు. ఆయన్ని ఏడిపించింది దురద. వీపు, చేతులు, పిక్కలు అదేపనిగా గోక్కునేవాడు. పూతలు రాశారు, మాత్రలు మార్చారు. నెలల తరబడి కంటి నిండా నిద్ర లేదు.

చివరికి డాక్టరమ్మ ఇంకో మార్గం చెప్పింది. డయాలసిస్ మిషనుకు ముందు, రక్తం వెళ్లే దారిలో, విషాలను పట్టి ఉంచే గింజలున్న డబ్బా ఒకటి బిగించి చూద్దామంది. బావ ససేమిరా అన్నాడు.

"ఉన్న గొట్టాలు చాల్తలెవ్వా? నేనేమన్న నీళ్ల నల్లానా, ఇంకో ఫిల్టర్ బిగియ్యనీకి?"

అక్క నన్ను పిలిపించింది. "లైబ్రరీల గన్ని బుక్కులు చదువుతవ్ గద తమ్మీ, ఆయనకు జర సమజయ్యేటట్టు చెప్పు."

నేను అశోక్ నగర్‌లో టైలర్ని. చదివింది పదో తరగతి. కానీ చిక్కడపల్లి లైబ్రరీకి ఇరవై ఏళ్లుగా వెళ్తున్నాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా చదువుతాను. అలాంటి నన్ను ఇంత మాట అడిగాక ఆగుతానా? మర్నాడు పొద్దున్నే కిడ్నీల మీద ఒక లావుపాటి పుస్తకం తీసుకుని కూర్చున్నాను.

సంగతి బాగానే అర్థమైంది. రక్తంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. పేగుల్లోని సూక్ష్మజీవుల వల్ల పుట్టే కొన్ని విషాలు దాన్ని అంటిపెట్టుకుని తిరుగుతాయి. డయాలసిస్ జల్లెడ రంధ్రాల్లోంచి యూరియా వంటి చిన్నవి సులువుగా పోతాయి. ఆల్బుమిన్ పెద్దది, పట్టదు. దాన్ని పట్టుకున్న విషమూ చాలావరకు లోపలే ఉండిపోతుంది. ఆ విషాన్ని లాగి తన ఒంటికి అతికించుకునే పదార్థాల్లో బొగ్గు ఒకటి.

బొగ్గు అన్న మాట దగ్గరే పుస్తకం మూసేశాను. దుకాణంలో బొగ్గుల ఇస్త్రీపెట్టె ఉంది, బస్తా నిండా బొగ్గులున్నాయి. మంచివి ఏరి, దంచి, లైనింగ్ గుడ్డలో మూడుసార్లు వస్త్రగాళితం పట్టి, సీసాలో పోసి తీసుకెళ్లాను.

"ఏంది తమ్మీ, పండ్లు తోమే పొడా?" అంది అక్క.

"మందు. కడుపులకెళ్లి విషం గుంజుతది."

బావ మొహం వెలిగిపోయింది. "ఇది మంచిగుంది! సూది లేదు, గొట్టం లేదు. ఏదీ, చెంచా తే!"

అక్క సీసా లాక్కుంది. "డాక్టరమ్మ జూసినంకనే. అప్పటిదాంక ఇద్దరూ సప్పుడు జెయ్యకుండ్రి."

మర్నాడు డాక్టరమ్మ సీసా తిప్పి చూసింది. "ఇస్త్రీ బొగ్గా?" అని నవ్వాపుకోలేకపోయింది. తర్వాత ఓపిగ్గా చెప్పింది. మింగే బొగ్గు మందులు ఉన్న మాట నిజమేనట. అవి ప్రత్యేకంగా తయారు చేసినవి, పేగుల్లోనే పనిచేస్తాయి. ఇది అది కాదు. పైగా అసలైన మందు బొగ్గయినా ఇష్టమొచ్చినట్టు మింగితే విషంతో పాటు బావ బీపీ మాత్రను కూడా పట్టేసుకుంటుంది. ఇప్పటికే రక్తంలో చేరినదాన్ని రక్తం దారిలోనే పట్టాలి. "అందరికీ తగ్గుతుందని చెప్పను. కొందరికి దురద తగ్గింది," అంది.

నేను తలెత్తలేదు. బావ మాత్రం నా తొడ గిల్లి, "సదువు సగమేనా బామ్మర్దీ?" అన్నాడు.

నేరుగా లైబ్రరీకి వెళ్లి మిగతా అధ్యాయం పూర్తిచేశాను. సాయంత్రం బావ దగ్గర కూర్చుని మళ్లీ మొదలుపెట్టాను. "మా లైబ్రరీల గ్రూప్స్ రాసే పిల్లలు పొద్దుగాల్నే కుర్చీ పడ్తరు బావా. చాయ్‌కి పోయినా నోట్స్ పెట్టి పోతరు..."

"నాకు లైబ్రరీ చెప్పకు. బస్సు చెప్పు."

"సరే, బస్సే. నీ రక్తంల ఆల్బుమిన్ సీటు, దాన్ని పట్టుకున్న విషం కూసున్నోడు, యూరియా నిలబడ్డోడు."

బావ కళ్లు మూసుకుని ఆలోచించాడు. "నిలబడ్డోళ్లు దిగుతున్నరు. సీట్ల కూసున్నోళ్లు దిగుతలేరు. గంతేనా?"

"గంతే. కానీ వాళ్లు గూడ మధ్యమధ్యల లేస్తరు. లేసినప్పుడు పట్టుకునేటోడు లేకుంటే మళ్ల కూసుంటరు."

"అంటే, గా డబ్బా చెకింగోళ్లన్నట్టు!"

నేను చదివిన పుస్తకంలో ఇంత బాగా లేదు. అదే మాట ఆయనతో అన్నాను.

"ముప్పై ఏండ్లు చెకింగోళ్లను తిట్టిన. ఇప్పుడు నేనే పిలిచి ఎక్కిచ్చుకోవాల్నా?" అంటూ బావ పగలబడి నవ్వాడు. నవ్వి, "సరే, ఎక్కియ్యమను," అన్నాడు.

వారానికోసారి ఆ డబ్బా బిగించారు. మొదటి రెండు వారాలు తేడా ఏమీ లేదు. బావ నన్ను చూసినప్పుడల్లా, "ఏం బామ్మర్దీ, చెకింగోళ్లు గూడ లంచం తింటున్నరా?" అనేవాడు. నేను లోపల బెంగపడుతూనే ఉన్నాను.

ఐదో వారం డయాలసిస్ జరుగుతుంటే ఆయన మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అక్క అటువైపు ఉంది. ఇండాక్సిల్ సల్ఫేట్ అనే విషం మనం తిన్న పప్పులోంచే ఎలా మొదలవుతుందో, అది లివరు దాకా ఎలా వెళ్తుందో మంచి ఊపు మీద చెబుతున్నాను. ఎంతకీ ఎదురు ప్రశ్న రాలేదు. తలెత్తి చూశాను. బావ నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. ఎప్పుడూ పిక్కల మీద ఆడే చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది.

"బావా, లివర్ల ఏమైతదంటే..."

"నీకు దండం పెడ్త తమ్మీ, లేస్తడు!" అంది అక్క గుసగుసగా.

లివర్లో ఏమవుతుందన్నదే అసలు సంగతి. అయినా నోరు మూసుకున్నాను.