మగ్గం దెబ్బకు సరిపోయే ఫిల్టరు

నాయన పోయి ఏడాది కావస్తోంది. ఆయన రికార్డరులో ఇరవై నిమిషాల మగ్గం చప్పుడు మిగిలింది. ఆయన నేతలో నాకు దక్కింది అంతే అనుకున్నాను. దాన్ని ఉన్నదున్నట్టు వినాలని ఒక డాక్ కొన్నాను. రికార్డింగులోని అంకెలను తిరిగి శబ్దంగా మార్చే చిన్న పెట్టె అది. ఆ మార్పు ఎలా జరగాలో ఎంచుకోవడానికి అందులో మూడు ఫిల్టర్లు ఉన్నాయి.

వాటి గురించి నెల రోజులు చదివాను. మొదటిది సన్నని చప్పుళ్లను కూడా పోగొట్టదు కాని, మగ్గం దెబ్బకు ముందే లేశమంత మోత కలుపుతుంది. రెండోది ఆ మోతను తగ్గిస్తుంది, చప్పుడు పదును కూడా తగ్గుతుంది. మూడోది మోతనంతా దెబ్బ వెనక్కి నెడుతుంది. ఏది నాయన చేతికి దగ్గరో తేల్చుకోలేక హెడ్‌ఫోన్లు అమ్మకు పెట్టాను.

అమ్మ నిమిషం కూడా వినలేదు.

"ఇది మీ నాయనది కాదప్పా. నాది."

"ఏ ఫిల్టరుకు అట్ల అనిపించిందమ్మా?"

"నీ ఫిల్టరు ఏమన్నా గానీ. మీ నాయన పోగుకు రెండు దెబ్బలు కొడతాండె. ఈడ ఒకటే పడతాండాది. ఒకటే కొట్టేది నేను."

"మరి నాయన యాడుండాడు?"

"నా పక్కనే. రికార్డు మిషను పట్టుకోని, దగ్గొస్తే నోరు మూసుకోని కూసున్నాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగినావా? ఊర్లో పుస్తకాలన్నీ చదువుతావు, ఇంట్లో ఎవురు నేస్తాండారో చూడవు."

నిజమే. అమ్మ దారం చుట్టడం, మగ్గం మీద కూర్చోవడం చూస్తూనే పెరిగాను. అయినా ధర్మవరంలో అందరిలాగే, నేత అంటే నాయనదే అనుకున్నాను. నాయన అలా అనుకోలేదు. దాచుకోదగిన చప్పుడు ఎవరిదో ఆయనకు తెలుసు.

అమ్మను నేయమన్నాను. ఒక చెవికి హెడ్‌ఫోను, ఒక చెవికి మగ్గం. ఫిల్టర్లు మార్చి మార్చి విన్నాను.

"ఇంకా ఎంతసేపప్పా? చీర ముగిసేటట్టుండాది."

మూడోదే దగ్గరగా ఉంది. తేడా చాలా చిన్నది. నాకు నిజంగా వినిపించిందో, చదివింది గుర్తొచ్చిందో గట్టిగా చెప్పలేను. అదే ఉంచాను.

ఇంటికొచ్చిన వాళ్లకు ఇప్పుడు ఆ రికార్డింగు నేనే వినిపిస్తున్నాను. నేసింది మా అమ్మ, పట్టింది మా నాయన అని ముందే చెబుతాను.